సీనియర్ ఆట తగ్గితే హాకీ కోచ్ ఏం చేయాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ హాకీ జట్టును చూసినా ముప్పై అయిదు దాటినవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. ఒకరు బళ్లో పీఈటీ, ఒకరు కానిస్టేబుల్, ఇంకొకరు రొయ్యల గుంటలు చూసుకునే మనిషి. జట్టులో సగం మంది కుర్రాళ్లకు స్టిక్ పట్టుకోవడం నేర్పింది వీళ్లే. టోర్నమెంటుకు పోవడానికి బండి బాడుగ చాలకపోతే జేబులోంచి తీసేదీ వీళ్లే. అందుకే వీళ్ల ఆట తగ్గినప్పుడు కోచ్‌కు నోరు పెగలదు. మొహమాటానికి అరవై నిమిషాలూ ఆడించి మ్యాచ్ పోగొట్టుకుంటాడు. లేదంటే ఒక ఓటమి తర్వాత ఉన్నట్టుండి పక్కన కూర్చోబెట్టి మనిషిని పోగొట్టుకుంటాడు. రెండు తప్పులకూ మూలం ఒకటే: ఆ ఆటగాడిలో ఏం తగ్గింది, ఏం మిగిలింది అని విడదీసి చూడకపోవడం. ఆ లెక్క తేలితే ఏ స్థానంలో ఆడించాలి, ఎన్ని నిమిషాలు ఆడించాలి, మిగతా జట్టును అతని చుట్టూ ఎట్లా నిలబెట్టాలి అన్నవి చాలావరకు వాటంతటవే తేలతాయి.

ముందు నోటుబుక్కు

జిల్లా స్థాయిలో వీడియో తీసి చూసుకునే వీలు తక్కువ. అది లేకపోయినా పెద్ద నష్టం లేదు. బెంచీ మీది ఒక కుర్రాడి చేతికి నోటుబుక్కు ఇచ్చి నాలుగు గడులు గీయిస్తే చాలు. బంతి ఎన్నో నిమిషంలో పోయింది, మైదానంలో ఎక్కడ పోయింది, ఎట్లా పోయింది (ఆపలేకపోయాడా, పాస్ మధ్యలో కోసుకున్నారా, టాకిల్‌లో లాక్కున్నారా), స్టిక్‌కు ఏ వైపున పోయింది. ఆ సీనియర్ ఒక్కడి గురించే రాయిస్తే కుర్రాడికి విషయం అర్థమై అందరికీ చెప్తాడు, కాబట్టి మిడ్‌ఫీల్డ్ మొత్తానికీ రాయించాలి. ఒక్క మ్యాచ్‌తో ఏమీ తేలదు. మూడు మ్యాచ్‌లయ్యాక పేజీలు పక్కపక్కన పెడితే వరస బయటపడుతుంది.

పోయిన బంతులన్నీ ప్రతి క్వార్టర్‌లో (పదిహేను నిమిషాల భాగంలో) చివరి నాలుగైదు నిమిషాల్లోనే ఉంటే సమస్య దమ్ముది. దాన్ని మైదానంలోనే పరీక్షించుకోవచ్చు. గోల్ గీత నుంచి 23 మీటర్ల గీత దాకా పరుగెత్తి తిరిగి రావాలి, అంటే సుమారు 46 మీటర్లు. ఇట్లా ఆరుసార్లు, మధ్యలో 25 సెకన్ల విరామం. మొదటి పరుగు 9 సెకన్లలో అయ్యి ఆరోది 10 దాటిందంటే అతనిలో వేగం ఉంది, మళ్లీ మళ్లీ పరుగెత్తే శక్తి తగ్గింది. మొదటి పరుగే 10 సెకన్లు పట్టి ఆరోదీ అంతే పడితే అది వేరే కథ. అతను నిలకడగానే ఉన్నాడు, వేగం మాత్రం పోయింది. మొదటివాణ్ని నిమిషాలు తగ్గించి కాపాడుకోవచ్చు. రెండోవాడికి స్థానమే మార్చాలి. కోచ్‌లు చాలామంది ఇద్దరికీ ఒకే మందు వేస్తారు: గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు. హాకీ నడుం వంచి, ఆగి, తిరిగి, మళ్లీ ఉరికే ఆట. నిదానంగా కొట్టే రౌండ్లు దానికి పనికిరావు, పైగా గట్టి నేల మీద మోకాళ్లకు శ్రమ.

మొదటి నిమిషం నుంచే బంతి ఆగడం లేదంటే దమ్ము వదిలేసి స్టిక్‌నూ నేలనూ చూడాలి. మన మట్టి గ్రౌండ్లలో బంతి చివరి మీటరులో ఎగురుతుంది. స్టిక్ నిటారుగా పట్టి ఆపితే బంతికి ఎదురుగా ఉండేది దాని వెడల్పు మాత్రమే. మోకాలు వంచి స్టిక్‌ను నేలకు ఆనించి అడ్డంగా పరిస్తే స్టిక్ పొడవంతా గోడ దొరుకుతుంది. వయసు పెరిగేకొద్దీ నడుం వంగడం కష్టమై చాలామంది తమకు తెలియకుండానే నిటారుగా ఆపడానికి అలవాటు పడతారు. ఇంకో కారణం కొత్త స్టిక్. మల్బరీ కర్రతో చేయి తిరిగినవాడు కార్బన్ ఎక్కువగా ఉన్న స్టిక్ కొంటే హిట్‌లో జోరు పెరుగుతుంది, ట్రాప్‌లో, అంటే ఆపేటప్పుడు, బంతి తుళ్లి ముందుకు పోతుంది. కార్బన్ తక్కువున్న స్టిక్ ఇచ్చి రెండు వారాలు చూస్తే తేడా నోటుబుక్కులోనే కనిపిస్తుంది.

ఎడమ వైపున, అంటే రివర్స్ స్టిక్ (స్టిక్‌ను తిప్పి పట్టి ఆడే వైపు) మీదే పోతుంటే నడుమో మోకాలో పట్టేసి ఉండొచ్చు. అతన్ని మైదానంలో ఎడమ సగం నుంచి కుడి సగానికి మారిస్తే సగం ఇబ్బంది తీరుతుంది. ఎదుటివాళ్లు గీత వెంట అతని ఫోర్‌హ్యాండ్ వైపే దూకాల్సి వస్తుంది.

ఎదుటివాళ్ల తప్పుకు దొరికే ఫ్రీ హిట్ దగ్గర జరిగే ఆలస్యాన్ని గమనించేవాళ్లు తక్కువ. 2009లో ఆటో పాస్ (ఫ్రీ హిట్‌ను తనకు తానే ఆడుకునే వీలు) వచ్చేదాకా ఫ్రీ హిట్ తీసుకున్నవాడు బంతిని తప్పనిసరిగా ఇంకొకరికి ఇవ్వాల్సిందే. ఆ కాలంలో ఆట నేర్చుకున్నవాడి చేతులు ఇప్పటికీ అదే పని చేస్తాయి. బంతిని నిలబెట్టి, తలెత్తి, ఎవరున్నారా అని చూస్తాడు. ఆ రెండు మూడు సెకన్లలో ఎదుటి జట్టు అయిదు మీటర్ల దూరమూ పాటించి, వరసలూ సర్దుకుంటుంది. కుర్రాడైతే బంతి ఆపుతూనే తనకు తానే తోసుకుని బయల్దేరతాడు. ఇది వయసుతో వచ్చిన లోపం కాదు, అలవాటు. రోజుకు ఇరవైసార్లు, విజిల్ ఊదిన ఒక్క సెకనులో బంతి కదలాలన్న షరతుతో సాధన చేయిస్తే పోతుంది. అప్పటికీ పోకపోతే మధ్య మైదానంలో ఫ్రీ హిట్లు తీసుకునే పని కుర్రాళ్లకే అప్పగించాలి.

నోటుబుక్కుకు చిక్కని లోపం ఒకటుంది. బంతి అతని దగ్గర పోదు, మనిషే అతని వెనక నుంచి దూసుకుపోతాడు. గోల్ పడ్డాక అందరూ గోల్ ముందు కాచే ఫుల్ బ్యాక్‌ను తిడతారు. అందుకే ఎదుటి జట్టు మన 'డి'లోకి (గోల్ ముందున్న అర్ధవలయంలోకి) వచ్చిన ప్రతిసారీ ఎటునుంచి వచ్చింది, ఆ దారిలో ఎవరుండాలి అన్నది వేరే పేజీలో రాయించాలి.

వయసు మీద నెట్టేముందు

వయసు మీద నెట్టేముందు నిద్ర గురించి అడగాలి. రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దగ్గర బందోబస్తు చేసి వచ్చిన కానిస్టేబుల్, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయేమోనని రాత్రంతా గుంట గట్టు మీద కూర్చున్న రైతు పొద్దున ఆరింటికి సరిగా ఆడలేదంటే తప్పు పట్టడానికేమీ లేదు. మ్యాచ్‌కు ముందు రెండు రాత్రులు ఎన్ని గంటలు పడుకున్నారో నోటుబుక్కు పై అంచున రాయించాలి. చాలా జట్లలో 'ఫామ్ పోయింది' అన్న మాటకు అసలు అర్థం అక్కడ దొరుకుతుంది.

రెండోది ఎండ. ఒంగోలు, కావలి, నెల్లూరు వేసవి ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. మ్యాచ్‌కు ముందూ తర్వాతా బరువు చూస్తే ఒక కిలో తగ్గిన చోట సుమారు ఒక లీటరు నీళ్లు పోయినట్టు. 75 కిలోల మనిషి కిలోన్నర తగ్గాడంటే ఒంట్లో రెండు శాతం పోయింది. ఆ స్థితిలో కాళ్లే కాదు, నిర్ణయాలూ మందగిస్తాయి. ఆటకు రెండు గంటల ముందు అర లీటరు నీళ్లు, ఆటలో పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు, క్వార్టర్ల మధ్య ఉప్పు వేసిన పలచని మజ్జిగో ఓఆర్ఎస్సో ఇవ్వాలి. దాహమైతే తాగుతారులే అని వదిలేయకూడదు, వేళకు గ్లాసు చేతికందించాలి.

వరసలు ఎక్కడ నిలబెట్టాలి

మైదానం పొడవు 91.4 మీటర్లు, వెడల్పు 55. వేగం తగ్గిన సెంటర్ హాఫ్‌ను (మిడ్‌ఫీల్డ్ నడుమ ఆడేవాణ్ని) పెట్టుకుని ఫుల్ ప్రెస్ ఆడించడం కోచ్ చేయగల అతి పెద్ద తప్పు. ఫుల్ ప్రెస్‌లో ఫార్వర్డ్‌లు ఎదుటివాళ్ల 23 మీటర్ల ప్రాంతంలోకి పోయి వెంటాడతారు, వాళ్ల వెనకే మిడ్‌ఫీల్డ్ కూడా పైకి జరగాలి. అప్పుడు సెంటర్ హాఫ్‌కూ ఫుల్ బ్యాక్‌లకూ మధ్య ముప్పై మీటర్ల దాకా ఖాళీ పడుతుంది. ఎదుటి ఫుల్ బ్యాక్ ఒక్క స్కూప్‌తో బంతిని నెత్తి మీదుగా ఆ ఖాళీలో వేస్తే మన సీనియర్ వెనక్కి తిరిగి పరుగెత్తాలి. ఆ పందెంలో ఇరవై ఏళ్లవాడిదే గెలుపు. నాలుగైదుసార్లు ఇట్లా అయ్యేసరికి అతని దమ్మూ పోతుంది, ధైర్యమూ పోతుంది, గ్యాలరీలోంచి మాటలూ పడతాయి.

హాఫ్ కోర్ట్ ప్రెస్‌లో మొదటి వరస సెంటర్ లైన్‌కు అయిదారు మీటర్ల ముందు నిలబడుతుంది. మూడు వరసల మధ్య పది పన్నెండు మీటర్లకు మించి ఎడం ఉండదు. అప్పుడు సెంటర్ హాఫ్ చేయాల్సింది పక్కలకు ఎనిమిది పది మీటర్ల కదలిక. ఎదుటివాడు పాస్ ఎటు ఇస్తాడో వాడి భుజం చూసి పసిగట్టడం ఇక్కడ కాళ్ల కంటే విలువైంది, సీనియర్‌కు అది పుష్కలంగా ఉంటుంది. అతని పక్కన దమ్మున్న కుర్రాణ్ని ఇంకో హాఫ్‌గా నిలబెట్టి, ఎవరిని ఎటు మూయాలో అరిచి చెప్పే పని సీనియర్‌కు ఇవ్వాలి. ఈ పద్ధతికి ఖరీదు లేకపోలేదు. ఎదుటి ఫుల్ బ్యాక్‌లకు బంతి తీరిగ్గా దొరుకుతుంది, వాళ్ల గోల్ దగ్గర మనం బంతి లాక్కునే అవకాశాలు తగ్గుతాయి. ఆ లోటు తీరాలంటే కౌంటర్‌కు, అంటే బంతి లాక్కోగానే చేసే ఎదురుదాడికి, పరుగెత్తగల ఇద్దరు ముందుండాలి. వాళ్లు లేని జట్టు హాఫ్ కోర్ట్ ఆడితే అరవై నిమిషాలూ కాచుకోవడంతోనే సరిపోతుంది.

ఇక్కడే చాలామంది కోచ్‌లు తలకిందులుగా చేసే పని ఒకటుంది. ఒక గోల్ వెనకబడి చివరి క్వార్టర్ మొదలవగానే 'అన్నను దించండి, అన్నే చూసుకుంటాడు' అంటారు. వెనకబడినప్పుడు కావాల్సింది ఫుల్ ప్రెస్, అంటే అతను చేయలేని పనే. ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నప్పుడు, బంతి చేతిలో పెట్టుకుని గడియారం నడిపించాల్సినప్పుడు దించాల్సిన మనిషి అతను. వెనకబడ్డప్పుడు బయట ఉండి, ముందున్నప్పుడు లోపల ఉండాలి.

సీనియర్‌ను పని మార్చి వాడుకోవడానికి జాతీయ జట్టులో కళ్లముందున్న ఉదాహరణ 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్. గ్రేట్ బ్రిటన్‌తో మ్యాచ్‌లో 17వ నిమిషంలోనే అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డ్ పడింది. మిగతా నలభై నిమిషాల పైచిలుకు పది మందితోనే ఆడాలి. ఏళ్ల తరబడి మిడ్‌ఫీల్డర్‌గా ఆడిన మన్‌ప్రీత్ సింగ్ డిఫెన్స్‌లోకి దిగాడు, జట్టు మొత్తం వెనక్కి జరిగి కుదురుకుంది. 1-1తో ముగించి షూటౌట్‌లో (ఒక్కో ఆటగాడు గోల్‌కీపర్‌తో ఒంటరిగా తలపడే పోటీలో) 4-2తో గెలిచింది. టోక్యోలో మన్‌ప్రీత్ కెప్టెన్. పారిస్‌లో కెప్టెన్సీ హర్మన్‌ప్రీత్ సింగ్‌ది. కెప్టెన్సీ పోయినా, స్థానం మారినా ఆ మనిషి జట్టుకు అవసరమయ్యాడంటే అతనికి పని స్పష్టంగా ఉంది కాబట్టే. ఆ షూటౌట్‌లో గోల్‌లో నిలబడిన శ్రీజేష్‌కు అప్పటికి 36 ఏళ్లు. గోల్‌కీపర్ల లెక్క ఎప్పుడూ వేరు. వాళ్ల విషయంలో వయసు చూసి తొందరపడకూడదు.

నిమిషాల లెక్క

హాకీలో మనుషుల్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. సీనియర్లను కాపాడుకోవడానికి ఇది చాలా మంచి నియమం. అయినా మన దగ్గర దాన్ని దెబ్బ తగిలినప్పుడే వాడతారు. 18 మంది జట్టులో ఇద్దరు గోల్‌కీపర్లను తీసేస్తే 16 మంది. పది స్థానాలకు 60 నిమిషాల చొప్పున మొత్తం 600 నిమిషాలు. సమంగా పంచితే తలా 37 నిమిషాల పైన వస్తుంది. కాబట్టి సీనియర్‌కు 28 నిమిషాలు ఇవ్వడం అవమానమేమీ కాదు. 15 నిమిషాల క్వార్టర్‌లో నాలుగు నిమిషాలు లోపల, అయిదు బయట, మళ్లీ మూడు లోపల, మూడు బయట. ఈ పద్ధతిలో లోపలున్న ప్రతి నిమిషమూ అతను పూర్తి వేగంతో ఆడగలడు. చిన్న టోర్నమెంట్లలో ఆట సమయం తగ్గిస్తే అదే నిష్పత్తిలో కుదించుకోవాలి.

మార్పిడి సెంటర్ లైన్ దగ్గర జరగాలి, లోపలివాడు పూర్తిగా బయటికి వచ్చాకే రెండోవాడు అడుగు పెట్టాలి. అలిసిన సీనియర్ అవతలి మూల నుంచి నడుచుకుంటూ వస్తే అంతసేపూ జట్టు పది మందితో ఆడినట్టే. అందుకే అతన్ని బెంచీ వైపున్న సగంలో బంతి ఆగినప్పుడు పిలవాలి. నలభై నిమిషాలు షామియానా కింద కూర్చోబెట్టి చివరి అయిదు నిమిషాలకు దించడం ఇంకా ప్రమాదం. చల్లబడ్డ కండతో మొదటి ఉరుకులోనే తొడ వెనక పట్టేస్తుంది. దించడానికి రెండు మూడు నిమిషాల ముందే గీత పక్కన చిన్న పరుగులు మొదలుపెట్టించాలి.

పెనాల్టీ కార్నర్ (తప్పు చేసిన జట్టు గోల్ మీదికి వెనక గీత నుంచి బంతి వదిలి కొట్టే అవకాశం) ఇచ్చాక అది ముగిసేదాకా మార్పిడి కుదరదు. డిఫెండ్ చేసే జట్టు గోల్‌కీపర్‌కు దెబ్బ తగిలినా, అతను సస్పెండ్ అయినా తప్ప మినహాయింపు లేదు. కార్నర్‌లో బంతి ఆపేవాడు బెంచీ మీద ఉండగా కార్నర్ వస్తే చేతులు నలుపుకోవడమే. బంతి ఎదుటివాళ్ల 23 మీటర్ల ప్రాంతంలో నిలదొక్కుకుంటున్నప్పుడు అతన్ని బయటికి పిలవకూడదు. వీలైతే కౌంటర్ మొదలైనప్పుడే లోపలికి పంపాలి.

కార్నర్ దగ్గర అసలు విలువ

వేగం తగ్గిన సీనియర్‌కు పెనాల్టీ కార్నర్‌లో ఉన్నంత పని ఇంకెక్కడా లేదు. పుష్ చేసేవాడు గోల్ పోస్టుకు 10 మీటర్ల అవతల వెనక గీత మీద నుంచి బంతి వదులుతాడు. 'డి' పైభాగానికి అది చేరేసరికి ఇరవై మీటర్ల దగ్గర ప్రయాణం. మట్టి నేల మీద అంత దూరంలో బంతి రెండు మూడుసార్లు దారి తప్పుతుంది. దాన్ని 'డి' గీత బయట చచ్చినట్టు ఆపడానికి కావాల్సింది కన్ను, మణికట్టు, నడుం వంపు. గీత లోపల ఆగితే మళ్లీ బయటికి తీయాలి, ఆ అర సెకనులో మొదటి రషర్ (గోల్ గీత నుంచి ఉరికొచ్చి అడ్డుకునేవాడు) మీద పడతాడు. సాధనలో నలభై బంతులు పుష్ చేయించి, కనీసం ముప్పై రెండు గీత బయట కదలకుండా ఆగితేనే ఆ పని అతనిది. నలభైకి ఇరవై అయిదు ఆపేవాడికి పేరు చూసి ఇవ్వకూడదు. మ్యాచ్ ముందు పుష్ చేసే చోటు నుంచి ఆపే చోటు దాకా నేలను నీళ్లు చల్లి, రోలర్ తిప్పనివ్వమని నిర్వాహకులను అడగడం మరిచిపోకూడదు.

మట్టి మీద డ్రాగ్ ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో ఈడ్చి విసరడం) కంటే నేరుగా హిట్ చేయడమే నమ్మకం. హిట్ అయితే మొదటి షాట్ బంతి గోల్ గీత దాటే చోట 460 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే గోల్ వెనకుండే చెక్క ఎత్తు మించకూడదు. కుర్రాళ్లు జోరుకొద్దీ కొట్టి బంతి లేపేస్తారు. తూకంగా చెక్కకు కొట్టడం చేయి తిరిగినవాడికి వచ్చినంతగా వాళ్లకు రాదు.

కార్నర్‌ను అడ్డుకునేటప్పుడు మాత్రం సీనియర్‌ను మొదటి రషర్‌గా పెట్టకూడదు. తాను నెమ్మదని అతనికి తెలుసు, అందుకే బంతి కదలకముందే గీత దాటతాడు. అంపైర్ చూస్తే అతన్ని సెంటర్ లైన్ అవతలికి పంపుతాడు, బదులుగా ఇంకొకరు రారు. అయిదుగురు ఉండాల్సిన చోట నలుగురే మిగులుతారు. అతన్ని ముందే సెంటర్ లైన్ దగ్గర ఉంచి, బయటపడ్డ బంతిని అందుకునే పని ఇస్తే మేలు.

ఫార్వర్డ్ అయితే వింగ్ నుంచి తీసి 'డి'లో పోస్టుకు దగ్గరగా, బంతిని దారి మళ్లించే చోట నిలబెట్టాలి. షూటౌట్‌లో 23 మీటర్ల గీత నుంచి 8 సెకన్ల సమయం ఉంటుంది, అక్కడా ఉరుకు కంటే గోల్‌కీపర్‌ను ముందు పడుకోబెట్టే ఓపిక ఎక్కువ అక్కరకొస్తుంది.

చెప్పే తీరు

ఇవన్నీ కాగితం మీద కుదిరినా మాట దగ్గర చెడుతుంది. మన జిల్లాల్లో కోచ్ చాలాసార్లు ఆ సీనియర్ కంటే చిన్నవాడు, అతన్ని 'అన్నా' అని పిలిచే మనిషి. కుర్రాళ్ల ముందు మైదానంలో చెప్పకూడదు, ఓడిన రోజు సాయంత్రం అసలే చెప్పకూడదు. జట్టు జాబితా పంపడానికి కనీసం పది రోజుల ముందు, విడిగా, నోటుబుక్కు పక్కన పెట్టుకుని చెప్పాలి.

"అన్నా, మూడు మ్యాచ్‌ల పుస్తకం ఇది. క్వార్టర్‌లో మొదటి ఏడు నిమిషాలు నీ దగ్గర బంతి పోలేదు. పోయిందంతా ఆ తర్వాతే. ఈసారి నిన్ను నాలుగు, మూడు నిమిషాలుగా దించుతాను. కార్నర్లు ఆపేది నువ్వే."

"అంటే నన్ను కూర్చోబెడుతుండావా తమ్ముడూ?"

"అవునన్నా. ముప్పై రెండు నిమిషాలు కూర్చోబెడతా. మిగతా ఇరవై ఎనిమిది నిమిషాలూ నీ ఆట నాకు నిండుగా కావాలి."

'అట్లేం లేదన్నా' అని దాటేయడమే ఇక్కడ అసలు తప్పు. అవును అన్న మాట వినడానికి కటువుగా ఉన్నా, దాని వెంటనే లెక్కా పనీ వస్తే మనిషి నిలబడతాడు. మ్యాచ్ రోజు బెంచీ మీద కూర్చున్నాక విషయం తెలిస్తే నిలబడడు. నొప్పించకుండా ఉండాలని కెప్టెన్సీ కట్టబెట్టడం కూడా పొరపాటే. కెప్టెన్‌ను మార్పిడికి పిలవడానికి కోచ్‌కే చేయి రాదు, 28 నిమిషాల పథకం మొదటి క్వార్టర్‌లోనే చెడుతుంది.

గడువు మూడు మ్యాచ్‌లని ముందే చెప్పాలి, ఏం చూస్తారో కూడా చెప్పాలి: ఆపిన కార్నర్లు, అతను లోపలున్నప్పుడు మన 'డి'లోకి వచ్చిన బంతులు, పోయిన బంతులు. ఆ మూడూ కుదిరితే పని కొనసాగుతుంది. రెండు కుదరకపోతే తర్వాతి జాబితాలో పేరు ఉండదని, ఆ సంగతి నోటీసు బోర్డులో కాకుండా కోచ్ ఇంటికొచ్చి చెప్తాడని అదే రోజు మాట ఇవ్వాలి. పేరు తీసేశాక కార్నర్ సాధనకు పిలవచ్చు, అతను వస్తానంటేనే. మొదటి నెల పిలవకపోవడం మంచిది. ఆ నెలలో కొత్తగా బంతి ఆపే కుర్రాడికి నలభై బంతుల లెక్క రోజూ రాయించి, ముప్పై దాటాక ఆ పుస్తకంతోనే సీనియర్ దగ్గరికి పంపాలి.